లక్కపిడతల జాడ: ఉత్తరాంధ్రలో ఒక ఆటవస్తువు చరిత్ర

వ్యాససంగ్రహం

ఒక తరం కిందటి వరకు ఉత్తరాంధ్ర ఆడపిల్లల చేతుల్లో కనిపించిన లక్కపిడతలు నేడు హస్తకళల దుకాణాల్లో అలంకరణ వస్తువులుగా మిగిలాయి. కావ్యాలు, నిఘంటువులు, జిల్లా చరిత్రలు, జనగణన నివేదికలు, భౌగోళిక గుర్తింపు పట్టికల్లో ఈ ఆటవస్తువు జాడ ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ తప్పిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మట్టిపిడత నుంచి లక్కపిడతకు, లక్కపిడత నుంచి ‘ఏటికొప్పాక బొమ్మ’కు జరిగిన మార్పు వస్తువుతో పాటు ఆటను కూడా మార్చిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లక్కపిడతలు, గుజ్జనగూళ్లు, ఏటికొప్పాక, తరిమెన, తీర్థం, కన్యాశుల్కం, భౌగోళిక గుర్తింపు.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో అరవై దాటిన స్త్రీల దగ్గర చిన్ననాటి ఆటల ప్రస్తావన తెస్తే లక్కపిడతల మాట రాకుండా ఉండటం అరుదు. గుప్పిట్లో ఇమిడే బిందె, చెంబు, గిన్నె, మూకుడు, రోలు, రోకలి, తిరగలి, కుంపటి, వీటన్నిటినీ కలిపి పిలిచే పేరది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో, చేత్తో తడిమితే జారిపోయేంత నునుపుగా ఉండేవి. తీర్థానికి తీసుకువెళ్లిన తండ్రో మేనమామో కొనిపెట్టేవారు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో అవి కొలువు మెట్లెక్కి, పండుగ వెళ్లాక మళ్లీ పెట్టెలోకి చేరేవి.

ఇప్పుడు ఎవరైనా వాటిని వెతుక్కుంటూ బయలుదేరితే రెండు విషయాలు ఎదురవుతాయి. ఒకటి, లక్కపిడతలు అంతరించలేదు. లేపాక్షి వంటి హస్తకళల విక్రయశాలల్లో అద్దాల బీరువాల వెనుక అవి ఉన్నాయి. రెండు, అవి ఉండవలసిన చోట లేవు. తీర్థంలో నేలమీద పరిచిన గోనెపట్టా మీద, పిల్ల చేతికందే ఎత్తులో, ఇంటికి పోయేలోపు ఒకటి పోయినా బెంగపడనక్కరలేని ధరలో అవి దొరకడం కష్టం. వస్తువు మిగిలి, దాని చోటు మారిపోయిన సందర్భమిది. ఇటువంటి వస్తువు చరిత్రను ‘అంతరించిపోతున్న కళ’ అన్న అలవాటైన చట్రంలో చెప్పడం కుదరదు. కళ బతికి ఉండగానే ఆట వెనుకబడింది. ఆ ఎడం ఎలా ఏర్పడిందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. పేరులోని రెండు పదాలు

‘పిడత’ అంటే చిన్న మట్టికుండ. పందొమ్మిదో శతాబ్ది నిఘంటువులు ఈ అర్థాన్నే నమోదు చేశాయి. పిడతకింది పప్పు అమ్మేవారి బుట్టలో నిప్పులు నింపిన చిట్టికుండను చూసినవారికి ఈ మాట నిఘంటువు అవసరం లేకుండానే తెలుసు. ‘లక్క’ మరొక దారిన వచ్చింది: సంస్కృత ‘లాక్షా’ ప్రాకృతంలో ‘లక్ఖా’ అయి తెలుగులో లక్కగా స్థిరపడింది. భారతకథలోని లక్కయిల్లు, మట్టెల కాళ్లకు పూసే లత్తుక ఈ కుటుంబానివే.

ఈ రెండు పదాల సమాసంలో ఒక చిన్న వైరుధ్యం దాగి ఉంది. పిడత మట్టిది. లక్కపిడతలో మట్టి లేదు. ఉన్నది కర్ర, దానిపై లక్క పూత. అయినా పేరు పిడతగానే నిలిచింది. పాత వస్తువు స్థానంలోకి కొత్త వస్తువు వచ్చినప్పుడు పాతదాని పేరునే మోసుకురావడం భాషలో మామూలే. అందువల్ల లక్కపిడతలకు ముందు పిల్లలు మట్టిపిడతలతో ఆడుకొన్నారని ఈ పేరే సాక్ష్యం చెబుతున్నదని అనుకోవచ్చు. బిందె, చెంబు, తిరగలి, రోలు ఏవీ పిడతలు కాకపోయినా మొత్తం సామాను ‘పిడతలు’ అయిందంటే, ఆ ఆటకు కేంద్రం వంటకుండేనని కూడా అర్థమవుతుంది.

3. మంటమీది పిడత, మంట ఎరుగని పిడత

ఈ ఆటకు తెలుగులో ప్రాచీనమైన పేరుంది: గుజ్జనగూళ్లు. ఇందులోని ‘గూళ్లు’ పక్షులు కట్టుకొనే గూళ్లు కావు. ‘కూడు’ శబ్దానికి బహువచనం. పిల్లలు ఆటగా వండుకొనే అన్నమని నిఘంటువుల వివరణ. పోతన దశమస్కంధంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణిస్తూ బొమ్మల పెండ్లిండ్లతో పాటు గుజ్జనగూళ్లను చెప్పాడు. అక్కడ ఆమె వండించి చెలులకు పెట్టిస్తుంది. పదిహేనో శతాబ్ది కవి విదర్భ రాజకుమారికి అంటగట్టిన ఈ ఆట ఆయన చుట్టూ ఉన్న తెలుగు పిల్లలదేనని ఊహించడానికి అభ్యంతరం లేదు. అయితే ఆ పద్యం వంటను చెప్పిందే కాని పాత్రల గురించి చెప్పలేదు. పోతన కాలంలో లక్కపిడతలు ఉండేవని ఆ పద్యాన్ని చూపించి వాదించే జనప్రియ రచనలను జాగ్రత్తగా చదవవలసి ఉంటుంది. ఆట ప్రాచీనత వేరు, ఆటవస్తువు ప్రాచీనత వేరు.

పాత్రల పదార్థం మారితే ఆట మారుతుందన్నది ఇక్కడ ముఖ్యం. మట్టిపిడతను మూడు రాళ్ల మీద పెట్టి కింద పుల్లలు రాజేయవచ్చు. అందులో పిడికెడు బియ్యం నిజంగా ఉడుకుతాయి. పిల్లలకు పొగ తెలుస్తుంది, అన్నం మాడటం తెలుస్తుంది, కుండ పగలడం తెలుస్తుంది. లక్కపిడతకు మంట పనికిరాదు. లక్క సుమారు 65 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడి కరుగుతుంది. కాగిన నీళ్లు పోసినా దాని మెరుపు చెడుతుంది. కాబట్టి లక్కపిడతల్లో వంట ఎప్పుడూ ఉత్తుత్తి వంటే. అటుకులు, బెల్లం ముక్క, వేరుశనగ గుళ్లు, పుట్నాలపప్పు వడ్డించుకోవచ్చు. ఆకులు, ఇసుక వేసి ఉడికిందని చెప్పుకోవచ్చు. పెరట్లో పొయ్యి చుట్టూ జరిగిన ఆట వసారాలోకి, చాపమీదికి వచ్చింది. పిడతలు పగిలిపోవడం తగ్గి, పెట్టెలో దాచుకొనే ఆస్తిగా మారాయి. పెద్ద పిల్ల నుంచి చిన్న పిల్లకు, ఒక్కోసారి తల్లి నుంచి కూతురికి అందాయి. మట్టిపిడతలకు ఈ వారసత్వం అరుదు. లక్కపిడతల మీద ఇంత మమకారం నిలవడానికి వాటి అందం కంటే ఈ మన్నికే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

పురావస్తు దృష్టితో చూస్తే ఇది తలకిందులవుతుంది. ఇంట్లో మన్నిన కర్రపిడత నేలలో మన్నదు; పగిలిన మట్టిపిడత వేల ఏళ్లు ఉంటుంది. తవ్వకాల్లో చిట్టిపాత్రలు బయటపడినప్పుడు అవి పూజకు వాడినవా, పిల్లలవా అని తేల్చడం కష్టం. ‘నైవేద్య పాత్ర’ అని రాస్తే నివేదికకు గౌరవం వస్తుంది. ‘పిల్లల ఆటవస్తువు’ అని రాయడానికి కొంత ధైర్యం కావాలి.

4. తరిమెన చేసే పని

లక్కపిడతల పుట్టిల్లు వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. 2022 ఏప్రిల్ వరకు ఇది విశాఖపట్టణం జిల్లా, ఆపైన అనకాపల్లి జిల్లా. అక్కడి పనివారు వాడేది అంకుడు కర్ర. శాస్త్రీయనామం రైటియా టింక్టోరియా. తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండే ఈ కర్ర ఉలికి లొంగుతుంది. ఈ చెట్టు ఆకుల నుంచి ఒకరకం నీలిరంగు తీయవచ్చు. పేరులోని టింక్టోరియా అన్న మాట ఆ రంగునే సూచిస్తుంది. రంగు తీయగల చెట్టే రంగు పూయించుకొనే కర్ర కావడం ఒక చిన్న వినోదం.

ఎండబెట్టిన కర్రముక్కను తరిమెనకు, నేటి వాడుకలో లేత్ మిషన్‌కు, బిగిస్తారు. విద్యుత్తు రాకముందు ఒకరు తాడు లాగి తిప్పుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. ఆకారం తేలాక తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడి లక్కను కరిగించి కర్రమీద పరుస్తుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తి తిప్పితే మెరుపు వస్తుంది. కుంచె లేదు, ఆరబెట్టడం లేదు. రంగు కర్రను పట్టుకొని ఉంటుంది కాబట్టి పెచ్చులుగా ఊడటం తక్కువ.

తరిమెన స్వభావమే ఈ బొమ్మల స్వభావాన్ని నిర్ణయించింది. తిరిగే కర్రమీద ఉలి పట్టినప్పుడు వచ్చేది గుండ్రని ఆకారమే. కృష్ణా తీరంలోని కొండపల్లి పనివారు తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, భాగాలను అతికి, కుంచెతో రంగులు వేస్తారు. అందుకే కొండపల్లికి అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, దశావతారాలు సాధ్యమయ్యాయి. తరిమెనకు అవి సులువు కావు. కాని కుండ, చెంబు, బిందె, రోలు, తిరగలి, కుంపటి అన్నీ గుండ్రనివే. తెలుగువారి పాతకాలపు వంటిల్లు దాదాపు మొత్తంగా తరిమెనకు అచ్చివచ్చే ఆకారాలతో నిండి ఉండేది. కర్ణాటకలోని చన్నపట్టణలోనూ ఇదే జాతి కర్ర, ఇదే లక్కపని ఉన్నాయి. చేట వంటి చదునైన వస్తువును తరిమెన మీద తేలలేరు. అది కావాలంటే పిల్లలు ఆకునో అట్టముక్కనో చేటగా భావించుకోవలసిందే.

వంటిల్లు మారినప్పుడు తరిమెనకు చిక్కు వచ్చిపడింది. గ్యాస్ పొయ్యి నలుచదరం. రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చింది, తిరగలి అటకెక్కింది, కుంపటి పోయింది. నేటి పిల్లకు లక్క తిరగలిని ఇస్తే అది దేనికి నమూనానో చెప్పవలసి వస్తుంది. పిల్లలు అనుకరించేది తమ ఇంట్లో కనిపించే పనిని. ప్లాస్టిక్ అచ్చులో పోసిన వంటసామాను చౌక కావడం ఒక్కటే లక్కపిడతలను ఓడించలేదు. ఆ ప్లాస్టిక్ సామానులో గ్యాస్ పొయ్యి ఉంది, కుక్కరు ఉంది. లక్కపిడతల్లో ఉన్నది నాయనమ్మ వంటిల్లు.

5. తీర్థాల దారిలో

ఉత్తరాంధ్రలో జాతరకు తీర్థమన్న పేరు వాడుక. అరసవల్లి రథసప్తమి, శ్రీముఖలింగం శివరాత్రి, రామతీర్థం, విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవం వంటి సందర్భాలు బొమ్మల అమ్మకానికి పెద్ద పంటకాలాలు. ఏటికొప్పాకలో తయారైన పిడతలు శ్రీకాకుళం పల్లెకు చేరడానికి నడుమ ఉన్న దారి ఈ తీర్థాలే. చేతివృత్తుల చరిత్ర రాసేవారు తయారీ గ్రామం దగ్గర ఆగిపోతుంటారు. వస్తువు ఎవరి ద్వారా, ఏ సంతకు, ఏ తీర్థానికి, ఎవరి చేతికి వెళ్లిందన్న దారిని పట్టించుకున్నవారు తక్కువ.

1961 జనగణన సందర్భంగా ఎ. చంద్రశేఖర్ పర్యవేక్షణలో వెలువడిన ఆంధ్రప్రదేశ్ సంపుటాల్లో పండుగలు, తీర్థాలను జిల్లాలవారీగా నమోదు చేసిన భాగాలున్నాయి. ఊరు, దేవత, ఎన్ని రోజులు, ఎంతమంది వస్తారు అన్న వివరాలతో పాటు అంగళ్లలో ఏమేమి అమ్ముతారో కూడా వాటిలో ఉంటుంది. పాత్రలు, అద్దాలు, దువ్వెనలు, పటాలు, వాటి మధ్య బొమ్మలు. ఏ బొమ్మలు, ఎక్కడివి అన్నది చాలాచోట్ల ఉండదు. అయినా ఏ తీర్థానికి బొమ్మల అంగళ్లు వచ్చేవో పటం గీసుకోవడానికి ఆ జాబితాలు పనికొస్తాయి. మన విశ్వవిద్యాలయాల్లో దేవాలయ చరిత్ర కోసం ఈ సంపుటాలను తిరగేసేవారు ఈ జాబితాలను దాటవేయడం చూస్తుంటాం.

వాటిని వాడేటప్పుడు జిల్లాల సరిహద్దులతో జాగ్రత్త అవసరం. శ్రీకాకుళం ప్రాంతం 1936లో ఒరిస్సా ఏర్పడేవరకు గంజాం జిల్లాలో భాగం. కాబట్టి అంతకు ముందరి సమాచారం కోసం టి. జె. మాల్ట్‌బీ 1882 నాటి గంజాం మాన్యువల్ వైపు చూడాలి. విజయనగరం, బొబ్బిలి, ఏటికొప్పాకలకు డి. ఎఫ్. కార్మైకేల్ 1869 నాటి విశాఖపట్టణం మాన్యువల్, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907 నాటి గెజిటీర్ ఆధారాలు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. అందువల్ల 1961 లెక్కల్లో పైడితల్లమ్మ ఉత్సవం విశాఖపట్టణం జిల్లా కింద, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి తీర్థాలు శ్రీకాకుళం జిల్లా కింద ఉంటాయి. నేటి పటం చేతపట్టుకొని వెతికే పరిశోధకుడికి ఉన్న ఆధారం కూడా లేనట్టే తోస్తుంది.

ఈ తీర్థాల్లో అందరూ లక్కపిడతలు కొనలేదన్నది కూడా చెప్పుకోవాలి. కొబ్బరిచిప్ప గిన్నెగా, తాటిబుర్ర కుండగా, మోదుగాకు విస్తరిగా ఆడుకొన్న పిల్లలే ఎక్కువ. వారి ఆటవస్తువుకు అంగడి లేదు, ధర లేదు, దాచుకోవడం లేదు. తాటిబుర్రలకు పుల్ల గుచ్చి చేసుకొన్న బండి సాయంత్రానికి విరిగేది, మరునాడు ఇంకొకటి తయారయ్యేది. లక్కపిడతల జ్ఞాపకం చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ఇళ్ల జ్ఞాపకం. దానిని మొత్తం ఉత్తరాంధ్ర బాల్యంగా చెప్పడం చరిత్రకు ఒప్పదు.

6. బొంగరానికి దొరికిన చోటు

ఆటవస్తువులు సాహిత్యంలోకి ఎక్కిన సందర్భాలు లేకపోలేదు. శూద్రకుని మృచ్ఛకటికానికి పేరే ఒక పిల్లవాడి మట్టిబండి వల్ల వచ్చింది. పొరుగింటి పిల్లవాడి బంగారుబండి చూసి రోహసేనుడు ఏడవడం ఆ కథను మలుపు తిప్పింది. పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడి బొంగరం ఒక స్త్రీ కాలికి తగలడం, ఆమె నిష్ఠురమాడటం, అతడికి యుద్ధవార్త తెలియడం ప్రసిద్ధం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఒక్కో యుగపు ఆటలను కావ్యాల నుంచి ఏరి చూపించారు. ఆ పద్ధతి విలువైనదే. కాని కావ్యాల నుంచి ఏరేటప్పుడు కావ్యాలకు అక్కరకొచ్చిన ఆటలే చేతికొస్తాయి. బొంగరం వీరుడి చేతిలో ఉంది కనుక కథను నడిపింది. గుజ్జనగూళ్లు వర్ణనలో ఒక పాదమై ఆగిపోయాయి. ఆడపిల్ల పిడత పగిలి యుద్ధం జరిగిన కథ నాకు తెలిసినంతలో తెలుగులో లేదు.

విజయనగరం విషయంలో ఈ మౌనాన్ని పక్కనుంచి చీల్చే ఆధారం ఒకటుంది. కన్యాశుల్కం తొలి కూర్పుకు 1897లో రాసిన ఆంగ్ల పీఠికలో గురజాడ, విజయనగరం మహారాజు తయారు చేయించిన ఒక జాబితాను పేర్కొన్నారు. విశాఖపట్టణం జిల్లా మైదాన ప్రాంతాల్లో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం తీసుకొని చేసిన పెళ్లిళ్లు 1,034. సగటున ఏడాదికి 344. వారిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. మొత్తం కూడితే ఐదేళ్లు, అంతకు లోపు వయసులో పెళ్లయినవారు 188 మంది. ఈ అంకెలను సాధారణంగా నాటక నేపథ్యంగా చదువుతాం. ఆటవస్తువుల చరిత్ర రాసేవారికి ఇవి వేరొక విధంగా కనిపిస్తాయి. ఇది పిడతల వయసు. ఈ 188 మందిలో ఏ ఒక్కరి ఆట గురించీ మనకు ఒక్క వాక్యమైనా లేదు, కాని వారి వెలలు లెక్కకెక్కాయి.

లక్కపిడతల మీద నేడు వ్యాపించిన తీపిజ్ఞాపకం ఈ నేపథ్యాన్ని మరిచిపోతుంది. ‘పిడతలతో ఆడి ఆడపిల్లలు ఇంటిపని నేర్చుకొనేవారు’ అని ప్రశంసగా రాయడం పరిపాటి. ఐదేళ్లకే అత్తవారి పేరు తగిలించుకొన్న పిల్లకు ఆ నేర్పు ప్రశంస అవుతుందా? అయితే పిడతలాటను కేవలం వంటింటి శిక్షణగా కొట్టిపారేయడమూ సరికాదు. నిజమైన వంటింట్లో ఆ పిల్ల స్థానం అందరికంటే చివర. పిడతల దగ్గర ఎవరికి ముందు వడ్డించాలో, ఎవరికి రెండోసారి పెట్టాలో, ఎవరిని లేవగొట్టాలో నిర్ణయించేది ఆమే. పోతన రుక్మిణి చెలులకు పెట్టించిందే కాని భర్తకు వడ్డించే అభ్యాసం చేయలేదు. గుజ్జనగూళ్లను చెలుల మధ్య విందుగా చూసిన ఆ కవి దృష్టి ‘ఇంటిపని శిక్షణ’ అన్న ఆధునిక వ్యాఖ్య కంటే ఆటకు దగ్గరగా ఉంది.

7. పేరు మారిన తీరు

2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి మన్ కీ బాత్ ప్రసంగంలో ఈ బొమ్మలను, సహజ రంగుల పునరుద్ధరణకు కృషి చేసిన సి. వి. రాజును ప్రస్తావించారు. ఆయనకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే కర్తవ్యపథ్‌ మీద నడిచి మూడో స్థానం పొందింది. రసాయన రంగులు ఆక్రమించిన తరిమెన మీదికి పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి మొక్కల రంగులు తిరిగి రావడం నిస్సందేహంగా మేలు. నోట్లో పెట్టుకొనే వస్తువు విషయంలో మరీను.

ఈ గౌరవాలన్నీ వచ్చింది ‘ఏటికొప్పాక బొమ్మలు’ అన్న పేరుకు. భౌగోళిక గుర్తింపు చట్టం స్వభావరీత్యా వస్తువును పుట్టిన ఊరితో ముడివేస్తుంది. ‘లక్కపిడతలు’ అన్న పేరులో పదార్థం ఉంది, ఆట ఉంది, ఊరు లేదు. శ్రీకాకుళంలో పిడతలు కొన్న తల్లికి అవి ఎక్కడ తయారయ్యాయో తెలియవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు ఊరు పేరు తెలియకుండా కొనేవారు లేరు. చేసినవారి పేరు వెలుగులోకి రావడం న్యాయం. ఆడినవారి మాట అదే సమయంలో వాడుక నుంచి తొలగింది. పాత లక్కపిడతల కోసం వెతికేవారు ఆ పేరుతో వెతికితే నిరాశ పడటానికి కారణం ఇదే. వస్తువు వేరొక పేరు కింద నమోదై ఉంది.

బొబ్బిలిలో దీనికి దగ్గరి పోలిక కనిపిస్తుంది. పనస మానులో చెక్కే బొబ్బిలి వీణకూ భౌగోళిక గుర్తింపు ఉంది. దాని చిట్టి నమూనాలు సన్మాన సభల్లో జ్ఞాపికలుగా విరివిగా వాడుకలో ఉన్నాయి. చిట్టివీణ మోగదు, మోగాలని ఎవరూ అడగరు. పెద్దది చిన్నదై జ్ఞాపిక అయింది. పిడత మొదటే చిన్నది, అది ఉన్న పరిమాణంలోనే జ్ఞాపిక అయింది.

ఈ మార్పుకు చట్టంలోనూ ఒక ముద్ర ఉంది. బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలుకు వచ్చి, పిల్లల బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తును తప్పనిసరి చేసింది. చిన్న పనివారు ఆ పరీక్షల ఖర్చు భరించలేరు. అందుకే నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి 2020 డిసెంబరు సవరణ మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు లేకపోతే ఎన్నో తరిమెనలు ఆగిపోయేవి. కాని దాని తర్కాన్ని గమనించాలి: ఈ బొమ్మను కాపాడటానికి దానిని పిల్లల బొమ్మలకు వర్తించే నియమానికి వెలుపల నిలపవలసి వచ్చింది. కాగితం మీద కూడా పిడత బాల్యం నుంచి హస్తకళలోకి బదిలీ అయింది.

8. దొరికిన పిడతను చదవడం

పాత ఇళ్ల అటకల మీద, కొలువు పెట్టెల్లో ఇంకా లక్కపిడతలు దొరుకుతాయి. దొరికినప్పుడు చేయవలసినవి, చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మురికి పోవడానికి స్పిరిట్ వాడకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, అరనిమిషంలో అరవై ఏళ్ల రంగు గుడ్డకు అంటుతుంది. వేడినీరు వద్దు. పొడి మెత్తటి గుడ్డ చాలు. అడుగుభాగాన్ని చూడాలి: తరిమెన నుంచి కోసి తీసిన చోట చిన్న బొడిపో గరుకో మిగిలి ఉంటుంది, రంగు తరచుగా అక్కడికి చేరదు. ఆ రంగులేని చోట కర్ర జాతి తెలుస్తుంది. లోపలి అంచుల్లో, మూత కూర్చునే గాడిలో ఉలి గీతలు ఉంటాయి. పెచ్చు లేచిన చోట కింద మరో రంగు కనిపిస్తే తిరిగి పూత వేసినట్టు.

అరుగుదల ఇంకా ముఖ్యం. కొలువు మెట్ల మీదే ఉన్న పిడత ఒకవైపే వెలిసిపోతుంది. ఆడిన పిడతకు అంచులన్నీ సమంగా అరుగుతాయి; రోలు లోపల రోకలి తగిలిన గుంట ఉంటుంది; తిరగలి పైరాయి మేకు చుట్టూ వదులవుతుంది. పంటిగాట్లు ఉన్న చెంబు కనిపిస్తే దానిని తక్కువ చేసి పక్కన పెట్టకూడదు. సేకరణకర్తలు అడిగేది మచ్చలేని సామాను. చరిత్రకు అక్కరకొచ్చేది మచ్చలున్నది.

వీటితో పాటు సామానులోని ఒక్కో ముక్కకు ఆ ఇంట్లో ఏ పేరు వాడేవారో యథాతథంగా, ఆ ఉచ్చారణతోనే రాసుకోవాలి. ఎవరు కొన్నారు, ఏ తీర్థంలో, ఎవరితో ఆడేవారు, మగపిల్లలను ఆటలోకి రానిచ్చేవారా, ఇరుగుపొరుగు ఏ కులాల పిల్లలు ఆ చాపమీద కూర్చునేవారు, ఎవరు బయట నిలబడేవారు, పిడతలు ఎవరి పెళ్లితో పెట్టెలోకి వెళ్లాయి అన్నవి అడగవలసిన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పగలిగినవారు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లలో ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం కళాశాలల తెలుగు, చరిత్ర శాఖల్లో క్షేత్రకార్యం చేసే విద్యార్థులకు ఈ పని ఇంటి గడప దాటకుండానే మొదలవుతుంది. ఒక ఇంటి సామానులో రోలు, రోకలి, కుంపటి ఉండి కవ్వం లేకపోతే, అది పోయిందా లేక ఆ తీర్థానికి వచ్చే అంగడివారు కవ్వం తెచ్చేవారే కాదా అన్నది రెండో ఇంటి పెట్టె తెరిస్తేనే తేలుతుంది.